నీడన ఆరబెట్టాలి

నాలుగు వారాల జీలుగ మోకాలు దాటాలి. దగ్గరికి వెళ్తే ఆకు కనబడాలి గానీ నేల కనబడకూడదు. భుయ్యాడీహ్ వెనక, సువర్ణరేఖకు ఈవల, ఒకప్పుడు ఉక్కు ఫ్యాక్టరీ స్లాగు పోసి చదును చేసిన ఆ రెండెకరాల్లో మాత్రం జీలుగ జానెడెత్తు ఎదిగి, కామెర్లొచ్చిన మనిషిలా పచ్చబడి ఆగిపోయింది. నేలంతా కనబడుతూనే ఉంది.

సూర్యం ఆ మొక్కల మధ్య గొడుగు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. మెడలో ఈల. ఈలా గొడుగూ ఉన్నవాడే మేట్. పదకొండేళ్లుగా ఆయన ఎనిమిదిమంది కూలీలకు మేట్. తట్ట మొయ్యడు, పార పట్టడు, మోసేవాళ్లనీ పట్టేవాళ్లనీ చూస్తాడు. చూడ్డం కూడా పనే అని మొదట్లో ఇంట్లో వాదించేవాడు. ఈ మధ్య ఆ వాదనకూ ఓపిక లేదు.

పొద్దున ఎనిమిదిన్నరకు దుర్గాప్రసాద్ మోటారు సైకిలు వచ్చి ఆగింది. వెనక సీటు మీంచి సింధు మేడమ్ దిగింది. దుర్గాప్రసాద్ కాంట్రాక్టరు సూపర్‌వైజరు, ఇదే ఊళ్లో బర్మామైన్స్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడు. సింధు ఈ నేలను పార్కు చేసే పనికి వచ్చిన వ్యవసాయం చదివిన పిల్ల. తాతలది పలాస దగ్గరట. తెలుగు ఎంత వేగంగా మాట్లాడినా అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తుంది.

ఆమె ఎవరినీ పలకరించకుండా గొంతుక్కూర్చుని, ఒక మొక్క పీకి, వేళ్ల మట్టి దులిపి చూసింది. ఇంకొకటి పీకింది. ఇంకొకటి.

"గాంఠే కహా హై?" అంది.

బుడిపెలు ఎక్కడ అని. జీలుగ వేరుకు బియ్యపు గింజంత బుడిపెలు కట్టాలి. వాటిలో కంటికి కనబడని బాక్టీరియా కాపురముండి, గాలిలో ఉన్న నత్రజనిని పట్టి మొక్కకు పెడుతుంది. మొక్క దానికి తిండి పెడుతుంది. పూత వేళకు ఆ పచ్చని చేనునంతా అలాగే దున్ని మట్టిలో కలిపేస్తే, చచ్చిన నేలకు కాస్త ప్రాణం వస్తుంది. ఆ తర్వాతే పార్కుకు చెట్లు. జూన్ నెలలో ఇదంతా సింధు వాళ్లకు వివరంగా చెప్పింది. స్లాగు నేలలో ఆ బాక్టీరియా ఉండదు కాబట్టి కల్చర్ అనే నల్లపొడి ప్యాకెట్లు తెచ్చి ఇచ్చింది. బెల్లం నీళ్లలో కలిపి విత్తనాలకు పట్టించమంది.

"కల్చర్ సరిగ్గా పట్టించారా?" అని ఇప్పుడు హిందీలో అడిగింది.

"పట్టించాం మేడమ్" అన్నాడు సూర్యం తన హిందీలో. "నేనే దగ్గరుండి ఆరబెట్టించాను. గలగలమనేదాకా ఆరాకే జల్లాం."

"గింజలకు పట్టించింది ఎవరు?" అన్నాడు దుర్గాప్రసాద్.

సూర్యం తల కూలీల్లో ఉన్న పోలమ్మ వైపు తిప్పాడు. అడిగిన దానికి జవాబే కదా, పట్టించింది ఆమే కదా. తలకాయ ఓ అంగుళం తిరిగింది, అంతే. కానీ ఆ అంగుళం చాలు దుర్గాప్రసాద్‌కి.

పోలమ్మ బొరిగతో గడ్డి తీస్తోంది. యాభై దాటిన మనిషి, చీర మీద పాత మగ చొక్కా తొడుక్కుంది. పిలిచినా లేవలేదు, కూర్చున్నచోటే ఇటు తిరిగింది.

"పొడి మొత్తం ఏసినావా, సగం పక్కన ఎట్టినావా?" అన్నాడు దుర్గాప్రసాద్.

"అంతా ఏసినాను బాబూ. పక్కనెట్టి నానేటి సేసుకుంటాను, కూరొండుకుంటానా?"

పక్కనున్న ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. సింధుకీ నవ్వొచ్చినట్టుంది, దాచుకుంది. దుర్గాప్రసాద్ మాత్రం ముఖం గంటు పెట్టుకున్నాడు. ఆ నవ్వే లేకపోతే ఆయన ఇంకా రెండు ప్రశ్నలు అడిగేవాడేమో.

సింధు లేచి చేతులు దులుపుకుంది. కారణం తేలకుండా మళ్లీ విత్తనం ఇప్పించలేననీ, బుధవారానికి కారణం రాసి రిపోర్టు ఇవ్వమనీ చెప్పి వెళ్లి బండి సీటు మీద కూర్చుంది.

దుర్గాప్రసాద్ సూర్యాన్ని పక్కకు పిలిచాడు. "కారణం దొరికిపోయింది కదా. మిక్సింగ్‌లో లాపర్వాహీ, అజాగ్రత్త. పేరు పోలమ్మ. మేట్ కింద నువ్వు సైన్ పెడితే సరి."

"పెడితే?"

"గేట్ పాస్ కేన్సిల్. ఇంకేముంటుంది?"

గేట్ పాస్ ఒకచోట రద్దయితే ఇంకోచోట ఇవ్వరు. ఈ ఊళ్లో ఏ కాంట్రాక్టరు గేటు దగ్గరైనా ఆ పేరు కంప్యూటర్లో ఎర్రగా చూపిస్తుంది. అది ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్నం దాటాక వానమబ్బు పక్కకు తప్పుకుని గట్టిగా ఎండ కాసింది. సూర్యం పని దిగి ఇంటికి వెళ్లేసరికి భార్య ఈశ్వరి గుమ్మం ముందు స్టూలెక్కి, రేకుల కప్పు మీద చాట పెడుతోంది. చాటలో ఆనప గింజలు, చిక్కుడు గింజలు.

"తడిసినాయేటి?"

"తడవలేదు. ఎండొచ్చినాది కదా, ఓ పూట ఆరతాయని. నువ్వే కదా ఎప్పుడూ నస ఎడతావు."

అది నిజమే. విత్తనమంటే ఆయనకు ఎండ. మెంటాడ దగ్గర వాళ్ల నాయన ధాన్యపు విత్తనాన్ని మూడెండలు చూపించి, పంటికింద వేసి కొరికి, 'టక్'మంటేనే పాతర్లో పోసేవాడు. ఊరొదిలి నలభై ఏళ్లయినా ఆ 'టక్' సూర్యం చెవిలోనే ఉంది. చెమ్మ ఉన్న విత్తనం కుళ్లిపోతుందని ఆయన ఈ వాడలో చెప్పని ఇల్లు లేదు.

కాళ్లు కడుక్కుని గడపలో కూర్చున్నాడు. ఈశ్వరి టీ గ్లాసు చేతికిచ్చి, "పోలమ్మప్పకి పాసు తీసేత్తారంట?" అంది. వాడలో వార్త ఆయన కన్నా ముందే వచ్చేసింది.

"నన్ను సంతకం ఎట్టమన్నారు."

"ఎడతావా?"

"ఎట్టకపోతే నన్ను మేట్‌గా ఉంచుతారేటి?"

"అది పొడి తక్కువేసే మనిసి కాదు."

"నాకు తెల్దేటి?" అని కసిరాడు. కసిరాక సిగ్గేసింది. తెలుసు. పోలమ్మ ఇరవై మొక్కలు నాటమంటే ఇరవై ఒకటో గొయ్యి కూడా తీసి ఉంచే రకం. తెలిసి కూడా తల తిప్పాడు. మోకాళ్లు పీకుతున్నాయి, సింధు చేతిలోని పసుపుపచ్చని మొక్కలే కళ్లముందు ఉన్నాయి. టీ చల్లారిపోయింది. ఈశ్వరి స్టూలెక్కి గింజల్ని వేళ్లతో తిరగవేసింది.

మంగళవారం పోలమ్మ ఎప్పటిలాగే ఎనిమిదింటికే వచ్చింది. హాజిరీ పుస్తకంలో వేలిముద్ర వేసింది. తన పేరు మీద కాగితం తయారవుతోందని తెలిసిన మనిషి పని ఎలా చేస్తుందా అని సూర్యం దొంగచూపులు చూశాడు. నిన్నటిలాగే చేస్తోంది. బొరిగ వేరు పక్కన దిగడం, పచ్చబడ్డ జీలుగ మొక్క కదలకుండా గడ్డి ఒక్కటే పైకి రావడం. చావబోయే మొక్కకు అంత జాగ్రత్త ఎందుకో ఆయనకు అర్థం కాలేదు.

అన్నాల వేళ చెయ్యి కడుక్కోవడానికి నీళ్ల డ్రమ్ము దగ్గరకు వెళ్లాడు. డ్రమ్ము సామాన్ల రేకు షెడ్డు మూలన ఉంది. రోజూ ముందు వైపునే మగ్గు ముంచుకుని వెళ్లిపోతాడు. ఆ రోజు ముందంతా బురదగా ఉండి షెడ్డు వెనక నుంచి తిరిగి వెళ్లాడు.

షెడ్డు వెనక గోడ వారగా చాప పరిచినంత మేర జీలుగ ఉంది. నడుమెత్తు. ముదురు ఆకుపచ్చన. ఆకు ఆకును ఒరుసుకుంటూ, నేల కనబడకుండా.

సూర్యం మగ్గు డ్రమ్ములో వదిలేశాడు. వంగి ఒక మొక్క మొదలు రెండు చేతులా పట్టి మెల్లిగా లాగాడు. వేళ్లతోపాటు మట్టి ముద్ద వచ్చింది. నీళ్లలో ముంచి తీస్తే వేరు పొడుగునా బుడిపెలు, గుత్తులు గుత్తులుగా. ఒకదాన్ని బొటనవేలి గోరుతో చీల్చాడు. లోపల చేప మొప్పలా ఎర్రగా ఉంది. అలా ఉంటేనే లోపలున్నది బతికి పనిచేస్తున్నట్టు అని సింధు జూన్‌లో ఫోన్‌లో బొమ్మ చూపించి చెప్పింది.

చేలోకి వెళ్లి పచ్చబడ్డ మొక్క ఒకటి పీకాడు. వెతగ్గా వెతగ్గా ఎక్కడో రెండు బుడిపెలు. ఒకటి చీలిస్తే తెల్లగా, ఉత్తిగా ఉంది.

రెండు మొక్కలూ పట్టుకుని ఆడవాళ్లు అన్నాలు తింటున్న చోటికి వెళ్లాడు. పోలమ్మ కాస్త దూరంగా ఒక్కతే కూర్చుని గిన్నెలో గంజన్నం కలుపుకుంటోంది. పక్కన కూర్చోవడానికి ఎవరికైనా భయమే కదా.

"పోలమ్మా, షెడ్డెనకాల జీలుగ ఎవులు జల్లినారు?"

"నానే. ఆ దినం బేసిను కడిగినప్పుడు అడుగున గింజలు అంటుకుని ఉండిపోనాయి. పారబొయ్యబుద్ది కాక అక్కడ సల్లినాను."

"అదే ఇత్తనమా?"

"అదే ఇత్తనం. అదే బెల్లం, అదే పొడి."

"మరి ఆటికీ ఈటికీ ఇంత తేడా ఏటి?"

పోలమ్మ ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆయన ముఖం వైపు చూసింది. తర్వాత గిన్నెలోకి చూసింది.

"ఆటికి ఎండ తగల్నేదు" అంది.

సూర్యానికి పొడి పట్టించిన ఆ రోజు గుర్తొచ్చింది. గింజలు తడిగా నల్లగా షెడ్డులో టార్పాలిన్ మీద పరిచి ఉన్నాయి. తనే ఆ టార్పాలిన్ చెంగు పట్టుకుని బయటికి, పెళపెళా కాస్తున్న ఎండలోకి, సిమెంటు గచ్చు మీదికి ఈడ్చాడు. చెమ్మ విత్తనం జల్లితే పరువేం కాను అనుకున్నాడు. గంటకోసారి కాలితో తిరగవేశాడు కూడా. రెండు గంటల తర్వాత ఓ గింజ నోట్లో వేసుకుని కొరికాడు. 'టక్'మంది. నాయన గుర్తొచ్చి ఎంతో సంతోషపడ్డాడు. ఆ బాక్టీరియా అంతా ఆ గచ్చు మీదే మాడి చచ్చింది.

"నువ్వప్పుడే ఓ మాట సెప్పాల్సింది కదే!" అన్నాడు.

"సెప్పినాను అన్నయ్యా."

"ఎప్పుడు?"

"ఆ దినమే. మేడమ్ నీడనే ఆరబెట్టమన్నాది అని సెప్పినాను."

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. గిన్నె మీద మూత పెట్టేసి, చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయింది. సూర్యం చేతిలో రెండు మొక్కలతో అక్కడే నిలబడిపోయాడు. ఆమె చెప్పింది. అప్పుడు తనన్న మాట ఇప్పుడు అక్షరం పొల్లు పోకుండా గుర్తొస్తోంది. 'ఇత్తనం ఆరబెట్టడం నాకు నేర్పుతావేటే? ఈ ఊళ్లో పుట్టి సేను మొకం సూసినావా నువ్వు?' అందరూ నవ్వారు. తను ఈల ఊదాడు. పోలమ్మ తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ మాట అన్న సంగతే తనకు నెల రోజులుగా గుర్తులేదు. పడ్డ మనిషికి మాత్రం రోజూ గుర్తుంది. నిన్న దుర్గాప్రసాద్ అడిగినప్పుడు ఆమె ఒక్క ముక్కలో సూర్యం పేరు చెప్పేయగలిగేది. చెప్పలేదు. చెప్పినా మేట్ మాట ముందు కూలిదాని మాట నిలవదని ఆమెకు తెలుసు, ఒకసారి చెప్పి చూసిందిగా.

సాయంత్రం దుర్గాప్రసాద్ వచ్చేదాకా ఆగి, ఆయన బండి దిగకముందే, "తప్పు పోలమ్మది కాదు బాబూ, నాది" అన్నాడు. ఎండ సంగతంతా చెప్పాడు. షెడ్డు వెనక జీలుగ చూపిస్తానన్నాడు.

దుర్గాప్రసాద్ ఇంజను ఆపకుండానే విన్నాడు. విని నవ్వాడు. "ఛోడో నా, వదిలెయ్ సూర్యం. అయిపోయిందేదో అయిపోయింది."

"అలగంటే ఎలాగ?"

"చూడు. రేజా తప్పు చేసిందనుకో, ఆ కూలిది పోతుంది, ఖతమ్. మేట్ తప్పు చేశాడంటే, సూపర్‌వైజరు ఏం పీకుతున్నాడని నన్నడుగుతారు. నీకు రిటైరయ్యే వయసు, నాకు ఇద్దరు పిల్లలు. ఆమెకేం, ఇళ్లలో గిన్నెలు తోముకుని బతుకుతుంది. రేపు పొద్దున్న సైన్ పెట్టు."

బండి వెళ్లిపోయింది. నిజం చెప్పాలంటే సూర్యం ప్రాణం ఒక్క క్షణం తేలికపడింది. నా పని నేను చేశాను, చెప్పాను, వాళ్లే వినలేదు అనుకున్నాడు. నదీ గట్టు మీదుగా ఇంటికి నడుస్తూ ఆ మాటనే నాలుగైదుసార్లు అనుకున్నాడు. అనుకున్నకొద్దీ అది పలచబడిపోయింది. ఇంటికి చేరేసరికి అందులో ఏమీ మిగల్లేదు, వట్టి అలసట మాత్రం ఉంది. ఈశ్వరి కప్పు మీంచి చాట దించుతుంటే, "ఆ గింజలు సాలు, ఇంకెండకెట్టకు" అన్నాడు. ఆమె వింతగా చూసింది.

బుధవారం ఆకాశం మూసుకుని ఉంది. సన్నగా తుంపర. సింధు చేను గట్టున రెయిన్‌కోటులో నిలబడి ఉంది. దుర్గాప్రసాద్ రిపోర్టు కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, బండి సీటు మీద పరిచి, పెన్ను సూర్యం చేతికిచ్చాడు. కింద గీత గీసి ఉంది, ఆయన సంతకం కోసం. పైన పోలమ్మ పేరు ఉంది.

సూర్యం పెన్ను జేబులో పెట్టుకున్నాడు. గొడుగులోంచి పాత పేపరు పొట్లం తీసి సీటు మీద విప్పాడు. రెండు మొక్కలు. గోరుతో ఒక బుడిపె చీల్చి ఎర్రది చూపించాడు. రెండో మొక్కకు మిగిలిన బుడిపె చీల్చి తెల్లది చూపించాడు.

"ఇది నీడలో ఆరిన విత్తనం మేడమ్" అన్నాడు హిందీలో. "ఇది ఎండలో ఆరింది."

"ధూప్ మే?" అంది సింధు. "కిస్నే?" ఎండలో పెట్టిందెవరని.

"మైనే" అన్నాడు. నేనే అని.

దుర్గాప్రసాద్ ఏదో అనబోయాడు. సింధు చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె రెండు మొక్కల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. కోపమొచ్చిందో జాలేసిందో, ఈసారి హిందీ రాలేదు.

"నీడలో ఆరబెట్టమని చెప్పాను కదా అంకుల్" అంది, పలకడం అలవాటు లేని తెలుగులో.

"సెప్పినారమ్మా. మీరు సెప్పినారు, తరవాత పోలమ్మ సెప్పినాది. అందరి ముందూ సెప్పినాది. నానే ఇన్నేదు. దాన్నే నానా మాటలూ అన్నాను." ఆ మాటలకు హిందీ ఆయనకూ దొరకలేదు. కూలీలంతా బొరిగలు ఆపి వింటున్నారు. వాళ్లు వినాలనే గొంతు పెంచాడు.

సింధు పెన్ను అడిగి తీసుకుని పోలమ్మ పేరు కొట్టేసింది. పైన సూర్యం పేరు రాసింది. సంతకం చెయ్యమని పెన్ను తిరిగి ఇచ్చింది. ఆయన చేశాడు.

దుర్గాప్రసాద్ చెయ్యి చాపాడు. సూర్యం మెడలోంచి ఈల తీసి ఇచ్చాడు. గొడుగు తన సొంతం కాబట్టి అది ఉండిపోయింది. ఆయన గేట్ పాస్ సంగతి ఆఫీసులో తేలుస్తారట, వారమో పది రోజులో.

సింధు అప్పటికే షెడ్డు వెనక్కి వెళ్లి పచ్చని జీలుగ ముందు గొంతుక్కూర్చుని ఉంది. ఆ మట్టి నిండా ఇప్పుడు బాక్టీరియా ఉంటుందనీ, దాన్ని తవ్వి, పచ్చబడ్డ మొక్కల మొదళ్లలో పిడికెడేసి వేసి కప్పితే కొంతైనా వేళ్లకు పట్టుకోవచ్చనీ అంది. పట్టుకోకపోతే మళ్లీ విత్తనమే. చేస్తే ఈ రోజే చెయ్యాలి, మబ్బుండగానే.

కూలీల్లో మురళి పార పట్టాడు. ఆడవాళ్లు తట్టలు తెచ్చారు. చెప్పడానికి ఎవరూ లేకపోయినా ఎవరి పనిలోకి వాళ్లు వెళ్లారు. సూర్యం ఓ నిమిషం గొడుగు పట్టుకుని నిలబడి, తర్వాత దాన్ని షెడ్డు గోడకు ఆనించి వచ్చి వరసలో ఆఖరున నిలబడ్డాడు. ఆయన ముందు పోలమ్మ ఉంది.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. మెడ మీది తువ్వాలు తీసి చుట్టకుదురు చుట్టి ఆయన తల మీద పెట్టింది. మురళి మట్టి నింపిన తట్టను తన వైపు ఒక అంచు పట్టుకుని, రెండో అంచు పట్టమన్నట్టు చూసింది.

"నీకు బరువు అలవాటు తప్పిపోనాది. సగం తీసేమంటావా?"

"ఒద్దు. ఉండనీ."

ఇద్దరూ కలిసి ఎత్తారు. మెడనరాలు బిగుసుకున్నాయి, మోకాళ్లు ఒకసారి వంగి నిలదొక్కుకున్నాయి. తూర్పున నది మీద మబ్బు కాస్త పలచబడి తెల్లగా కనిపించింది. జన్మలో మొదటిసారి సూర్యం ఎండ వస్తుందేమోనని భయపడ్డాడు.

"పోలమ్మా" అన్నాడు, తల కదపలేక ముందుకే చూస్తూ. "మట్టి మీద తడి గోనె కప్పమంటావా?"

ఆమె తన తట్ట కోసం వంగుతున్నదల్లా ఆగింది. పదకొండేళ్లలో పని ఎలా చెయ్యాలని ఆయన ఆమెను అడగడం అదే మొదలు.

"కప్పాల" అంది. తడిపిన గోనె ముక్క తెచ్చి ఆయన తట్ట మీద పరిచి, నాలుగు పక్కలా లోపలికి దోపింది.